సువార్త సిస్టరు తియ్యటి అబద్ధాలు

వేదుళ్ళపాలెం పెద్దాసుపత్రి పిల్లల వార్డులో సువార్త అనే హెడ్ నర్సు ఉండేది. ఆమె చెయ్యి చల్లనిది, మనసు వెన్న, నోరు తెరిస్తే మాత్రం అబద్ధం. పేరు సువార్త కదా, చెప్పే వార్తలన్నీ మంచివే. వాటిలో నిజమైనవే తక్కువ.

అవి ఎవరికీ కీడు చేసే అబద్ధాలు కావు. పిల్లల కోసం చెప్పే తియ్యటి అబద్ధాలు. సూది వీపు వెనక దాచుకుని "సూదా? ఎక్కడుంది నాన్నా? ఉత్త దూదే" అనేది. చేదు మందు చెంచాలో పోసి "జున్నులా ఉంటుంది, మింగెయ్" అనేది. అన్నిటికన్నా పేరుపడిన అబద్ధం ఇంకొకటుంది. సూది అప్పుడే లోపలికి దిగుతూ ఉంటే "అయిపోయింది, అయిపోయింది, అయిపోయింది" అని మూడుసార్లు అనేది. మీకూ ఎవరో ఒకరు ఆ మాట చెప్పే ఉంటారు. నాకు మా ఊరి కాంపౌండరు చెప్పాడు. అప్పటికాయన సిరంజిలోకి ఇంకా మందే ఎక్కించలేదు.

ఇరవై రెండేళ్ళుగా సువార్త బండి ఇలాగే నడిచింది. పిల్లలు ఏడ్చేవారు, బిస్కెట్టు పుచ్చుకునేవారు, ఇంటికి పోయేవారు. కొత్తగా చేరిన నర్సులకు కూడా ఆమె అదే పాఠం చెప్పేది. "పసిపిల్లలతో నిజం మాట్లాడితే వార్డు నడుస్తుందా? తల్లులు చెప్పేదంతా వింటూ కూర్చుంటే మధ్యాహ్నానికి పదిమందికి కూడా సూది పడదు. మనం చెప్పాలి, వాళ్ళు వినాలి" అనేది. కొత్తవాళ్ళు బుద్ధిగా తలూపేవారు.

ఒక సోమవారం ఉదయం సింహాచలం, నూకరత్నం అనే భార్యాభర్తలు తమ ఏడేళ్ళ కూతురు తన్మయిని వెంటబెట్టుకుని ఆ ఆసుపత్రికి వచ్చారు. సింహాచలం మార్కెట్టు నుంచి రైల్వే గేటు దాకా షేర్ ఆటో తోలేవాడు. తన్మయికి ఆటిజం ఉంది. అది జ్వరంలాగా వచ్చి పోయేది కాదు, ఎవరి తప్పు వల్లా వచ్చేదీ కాదు. ఆ పిల్ల పుట్టుకతోనే అలా ఉంది. మనకు మామూలుగా వినిపించే చప్పుడు ఆమెకు చెవులు చిల్లులు పడేలా వినిపించేది. మాటలు తక్కువ. విన్న మాటను మాత్రం విన్నది విన్నట్టు తీసుకునేది. "రెండు నిమిషాల్లో వస్తా" అంటే గోడగడియారం ముందు నిలబడి రెండు నిమిషాలూ చూసేది. మూడో నిమిషం వచ్చిందా, ఇల్లు ఎగిరిపోయేది.

అలాంటి పిల్ల నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు. కుడి చెంప మీద పదేపదే కొట్టుకుంటోంది. నొప్పి అని చెప్పడం ఆమెకు రాదు. పళ్ళ డాక్టరు చూసి, రెండు దవడ పళ్ళు పుచ్చి లోపల చీము పట్టిందని చెప్పాడు.

"సిరప్పు రాస్తాను, వాపు కాస్త తగ్గుతుంది. కానీ పది రోజుల్లోపు మత్తిచ్చి ఆ పళ్ళు తీసెయ్యాలి. ఆలస్యమైతే చీము మెడలోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. ముందు రక్తపరీక్ష చేయించండి" అన్నాడు.

పిల్లలకు రక్తం తీసేది సువార్తే. తన్మయిని కుర్చీలో కూర్చోబెట్టి, సామాన్ల ట్రే పక్కన పెట్టుకుంది. నూకరత్నం ముందుకు వచ్చింది.

"సిస్టరమ్మా, ఒక్క మాట. మా పాపకి ఏటి సేస్తారో ముందల సెప్పి..."

"నాకు చెప్పకమ్మా. నీ పెళ్ళి కాకముందు నుంచి సూదులు వేస్తున్నాను" అని సువార్త నవ్వుతూ తోసిపుచ్చింది.

తన్మయి ట్రే వైపు చూసింది. "సూది" అంది.

"సూది లేదు బంగారం, దూది."

"సూది ఉంది" అంది తన్మయి. తగువు పెట్టుకోవాలని కాదు. ఉంది కాబట్టి ఉందని చెప్పింది.

సువార్త ఆయాకు కన్నుగీటింది. ఆయా వెనకనుంచి పిల్ల భుజాలు పట్టుకుంది. సువార్త చురుగ్గా సూది గుచ్చి, అలవాటు చొప్పున "అయిపోయింది, అయిపోయింది, అయిపోయింది" అంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. తన్మయి ఇంట్లో ఆ మాటకు చాలా విలువ ఉంది. ఆ పిల్లకు నీళ్ళు పోసుకోవడం కష్టం, జడ వేయించుకోవడం కష్టం, గోళ్ళు తీయించుకోవడం మరీ కష్టం. అయినా పళ్ళు బిగబట్టి కూర్చునేది. ఎందుకంటే చివర్లో అమ్మ "అయిపోయింది" అంటుంది. అన్న తర్వాత ఒక్క చెంబు నీళ్ళు కూడా పోయదు. దువ్వెన మళ్ళీ ముట్టదు. ఆ మాట మీద భరోసాతోనే ఆ పిల్ల రోజంతా నెట్టుకొచ్చేది.

కాబట్టి సువార్త "అయిపోయింది" అనగానే తన్మయి ఏం చేసింది? అయిపోయింది కదా అని లేచి నిలబడింది. సూది ఊడింది. ట్రే దభేలున కింద పడింది. సువార్త తెల్లచీర మీద నెత్తురు చిమ్మింది. ఆ చప్పుడుకు తన్మయి రెండు చెవులూ మూసుకుని కేకలు పెడుతూ, వరండా దాటి, మెట్లు దాటి, గేటు బయట ఉన్న తండ్రి ఆటోలో దూరి ముడుచుకుపోయింది. ఎంత బతిమాలినా దిగలేదు. ఆ పూటకు పరీక్ష లేదు, గిరీక్ష లేదు. ఆటో ఇంటిదారి పట్టింది.

"మొండిపిల్ల" అంది సువార్త, చీర కడుక్కుంటూ.

మర్నాడు నూకరత్నం ఒక్కతే వచ్చింది. తిడుతుందేమోనని సువార్త సిద్ధంగా ఉంది. నూకరత్నం తిట్టలేదు. బెంచీ మీద కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"సిస్టరమ్మా, మా ఇంట్ల ఒక మాట ఉండీది. ఆ మాట మీదే మా బతుకంతా నడిసీది. నీళ్ళోసి అయిపోయిందంటే అయిపోయినట్టే. తల దువ్వి అయిపోయిందన్నా అంతే. ఇప్పుడు నాను ఆ మాటంటే నా గుప్పిట ఇప్పి సూస్తంది, అందుల ఏటి దాసినానోనని. నిన్నటినుంచి నీళ్ళోసుకోనేదు, జడేయించుకోనేదు. సిరప్పు కూడా ఊసేస్తంది. పళ్ళు ఇక్కడ కాకపోతే ఇంకో ఆసుపత్రిల తీయిస్తాం. ఆ మాట ఏ ఆసుపత్రికెళ్ళి తెచ్చుకోవాలమ్మా?"

"నేను మంచికే కదా అన్నాను! ఏ పిల్లకైనా అలాగే అంటాం" అంది సువార్త.

"మా పిల్ల ఏ పిల్లో కాదమ్మా. తన్మయి" అంది నూకరత్నం. లేచి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం సువార్తకు అన్నం సయించలేదు. క్యారియరు మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది పిల్లలకు అలా మాట మీద నమ్మకం పోగొట్టానో అనుకుంది. బిస్కెట్టు పుచ్చుకున్నారు కాబట్టి మరిచిపోయారనుకున్నాను, మరిచిపోయారని ఎవరు చెప్పారు అనుకుంది. ఆమెకు నిజంగా సిగ్గేసింది. సిగ్గుపడ్డాక ఊరుకునే మనిషి కాదు. పళ్ళ డాక్టరు చెప్పిన పది రోజుల్లో అప్పటికే ఒకటి పోయింది. కేసు షీట్లో ఫోన్ నంబరు వెతికి నూకరత్నానికి ఫోన్ చేసింది.

"రత్నం, రేపు నాకు సెలవు. మీ ఇంటికి రానా? ఈసారి నువ్వు చెప్పు, నేను వింటాను."

 "రండమ్మా. కానీ మా ఇంట్ల అబద్ధం ఆడకూడదు మరి" అంది నూకరత్నం.

అదెంత పని అనుకుంది సువార్త. మర్నాడు తెల్లచీర కాకుండా మామూలు నేతచీర కట్టుకుని వెళ్ళింది. తన్మయి గది తలుపు వెనక నుంచి ఒక కంటితో చూస్తోంది. నూకరత్నం టీ తెచ్చి ఇచ్చింది. "టీ ఎలగుందమ్మా?" అని అడిగాడు సింహాచలం.

"అమృతంలా ఉంది" అంది సువార్త టక్కున.

తలుపు వెనక నుంచి తన్మయి గ్లాసు వైపు చూసింది. "తాగలేదు" అంది.

నిజమే, సువార్త ఇంకా గ్లాసు పెదవులకు ఆనించనైనా లేదు. సింహాచలం నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. ఇంట్లో అడుగుపెట్టి అయిదు నిమిషాలు కాలేదు, హెడ్ నర్సుగారు దొరికిపోయింది. ఆమె ముఖం ఎర్రబడింది. ఒక గుక్క తాగింది. చప్పగా ఉంది.

"నిజం చెప్పనా? పంచదార లేదు" అంది.

"అయ్యో, మరిసిపోనాను!" అంటూ నూకరత్నం డబ్బా తేవడానికి లోపలికి పరుగెత్తింది. తన్మయి తలుపు వెనక నుంచి ఒక అడుగు బయటికి వేసింది. సువార్త ఆ అడుగు చూసింది. ఎన్ని బిస్కెట్లిచ్చినా కదలని పిల్ల, పంచదార లేదన్న ఒక్క నిజానికి కదిలిందని ఆమెకు ఆశ్చర్యమేసింది.

తర్వాత గంటసేపు నూకరత్నం చెప్పింది, సువార్త రాసుకుంది. సర్వీసు మొత్తంలో ఒక తల్లి చెబుతుంటే ఆమె రాసుకోవడం అదే మొదటిసారి. వెనకనుంచి పట్టుకోకూడదు, ఎదురుగా వచ్చి చెయ్యి అడగాలి. రక్తం తీసే గదిలో ట్యూబులైటు గుయ్యిమంటుంది, అది తన్మయికి తేనెపట్టు పక్కన కూర్చున్నట్టుంటుంది. ఏదైనా అడిగితే జవాబు కోసం ఆగాలి, మధ్యలో మళ్ళీ అడిగితే మొదటికొస్తుంది. ఇవన్నీ చెప్పి నూకరత్నం అంది: "ఏటి జరుగుతాదో ముందల తెలిస్తే మా పిల్లకి భయం నేదమ్మా. తెలీకపోతేనే భయం."

"ఆదివారం నా ఆటోల కూకుంటాది సూడండి, అప్పుడు తెలుస్తాది మీకు" అన్నాడు సింహాచలం. "మార్కెట్టు, గడియార స్తంభం, పోస్టాఫీసు, రైసుమిల్లు, రైల్వే గేటు. ఏ స్టాపు రాబోతే ఆ స్టాపు ముందే అరుస్తాది. ఓ పాలి రైసుమిల్లు దగ్గర దిగేవోళ్ళు నేరని ఆపకుండా పోనాను. ఊరుకుంటాదా? ఎనిమిది మంది జనాన్నేసుకుని ఎనక్కి తిప్పి, రైసుమిల్లు కాడ ఆపి, మళ్ళీ బయల్దేరినాను."

సువార్త కలం ఆగిపోయింది. "అయితే మన ఆసుపత్రికి కూడా స్టాపులు పెడదాం" అంది.

ముగ్గురూ కూర్చుని స్టాపులు కట్టారు. వెనక గేటు, బరువు మిషను, నీలం కుర్చీ, క్రీము తుడవడం, సూది, దూది, ఇల్లు. మొత్తం ఏడు. ఆ క్రీము ముందే రాసి ఉంచితే సూది నొప్పి అంతగా తెలియదని సువార్త చెప్పింది. సాయంత్రం తండ్రి ఆటో తుడుస్తుంటే తన్మయి పక్కన నిలబడి ఏడూ వరసగా చెప్పింది. సూది దగ్గర గొంతు తగ్గింది, కానీ ఆ స్టాపు వదిలిపెట్టలేదు.

స్టాపులు కట్టడం తేలికే. అవి నిజంగా వచ్చేట్టు చెయ్యడం కష్టం. సువార్త మర్నాడంతా ఆసుపత్రిలో కాలు నిలవకుండా తిరిగింది. క్యూలో నిలబడే పని లేకుండా ఓపీ చీటీ ముందురోజే రాయించింది. ఎప్పుడూ తాళం వేసి ఉండే వెనక గేటు తీయించింది. చర్మం మొద్దుబారే క్రీము బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉండేది, అది రాశాక గంట ఆగాలని ఎవరూ వాడేవారు కారు. దుమ్ము పట్టిన ఆ డబ్బాలో గడువు దాటని ట్యూబు ఒకటి వెతికి పట్టుకుని, పొద్దున్నే ఇంటి దగ్గరే రాయమని నూకరత్నానికి ఇచ్చింది. ల్యాబులో పనిచేసే యాకూబును జనం రాకముందే ఏడున్నరకు రమ్మంది.

"ఒక్క పిల్ల కోసం ఇంత హంగామా ఎందుకు సిస్టర్?" అని గొణిగాడు యాకూబ్.

"ఒక్క పిల్ల కోసమే ఆసుపత్రి ఉన్నా ఇంతే చేస్తాం కదా" అంది సువార్త. వెంటనే అక్కడి నుంచి వెళ్ళిపోయింది.

ఒకే ఒక్క పని ఆమెకు చేత కాలేదు. "నొప్పి పుడుతుంది" అనే మాట ఒక పిల్లతో ఎలా అనాలో ఆమెకు తెలియలేదు. ఇంట్లో వంట చేసుకుంటూ గిన్నెలతో చెప్పి చూసుకుంది. "కొంచెం నొప్పి పుడుతుంది" అని సత్తు గిన్నెతో అంది. గిన్నె ఏమీ అనుకోలేదు. పిల్ల ఏమంటుందో అని ఆమెకు బెంగ.

శుక్రవారం ఉదయం ఏడున్నరకు ఆటో వెనక గేటు దగ్గర ఆగింది. "వెనక గేటు" అంది తన్మయి. గేటు తీసే ఉంది. "బరువు మిషను" అంది. అక్కడే ఉంది. "నీలం కుర్చీ." వచ్చి కూర్చుంది. ట్యూబులైటు ఆర్పేసి ఉంది, కిటికీలోంచి ఎండ పడుతోంది. సువార్త ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, క్రీము తుడిచి, ట్రే మీద గుడ్డ తీసి సూది చూపించింది.

"తన్మయీ, ఇది సూది. ఇప్పుడు గుచ్చుతాను. కొంచెం నొప్పి పుడుతుంది. నువ్వు పది లెక్కపెట్టు. పది అనగానే తీసేస్తాను." ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ మాట నోటి నుంచి బయటికి వచ్చింది. "చెయ్యి ఇస్తావా?" అని అడిగి ఆగింది.

ఆగడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. యాకూబ్ వాచీ చూసుకున్నాడు. సింహాచలం గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి తన్మయి చెయ్యి చాపింది.

"ఒకటి" అంది. సూది దిగింది. పిల్ల మొహం ముడుచుకుంది. "రెండు. మూడు." నరం సన్నం, రక్తం చుక్క చుక్కగా వస్తోంది. "ఏడు. ఎనిమిది." గొట్టం సగం కూడా నిండలేదు. "తొమ్మిది."

"ఇంకొంచెం పట్టండి సిస్టర్, ఇది చాలదు" అన్నాడు యాకూబ్ గబగబా.

ఇంకో నాలుగు క్షణాలు పడితే పని అయిపోతుంది. "అయిపోయింది అయిపోయింది" అంటూ పట్టేస్తే అయిపోతుంది. ఆ మాట సువార్త నాలుక చివరిదాకా వచ్చింది. గుటకేసి మింగేసింది.

"పది" అంది తన్మయి.

సువార్త సూది బయటికి తీసేసింది.

యాకూబ్ తల పట్టుకున్నాడు. తన్మయి తన మోచేతి వంపు చూసుకుంది. సూది లేదు. దూది ఉంది. పది అంటే పదే. ఆ పిల్ల మొదటిసారి తలెత్తి సువార్త మొహం వైపు చూసింది. కానీ సువార్త చెప్పవలసింది ఇంకా ఉంది. అది చెప్పడం అన్నిటికన్నా కష్టం.

"తన్మయీ, నేను లెక్క తప్పాను. రక్తం చాలలేదు. ఇంకోసారి గుచ్చాలి, రెండో చేతికి. అక్కడా క్రీము రాసే ఉంది. ఈసారి ఐదు లెక్కపెడితే చాలు. ఇది మన స్టాపుల్లో లేదు. తప్పు నాదే."

నూకరత్నం కళ్ళు మూసుకుంది. పిల్ల ఇప్పుడు లేచి పరుగెత్తితే ఇక ఏ ఆసుపత్రికీ రాదని ఆమెకు తెలుసు. పది రోజుల్లో అప్పటికే నాలుగు పోయాయి. తన్మయి కిటికీ వైపు చూసింది. కుర్చీ చేతిని వేలితో గీకింది.  యాకూబ్ వాచీ చూసుకోవడం మానేశాడు.

తన్మయి రెండో చెయ్యి చాపింది. "ఐదు" అంది.

ఈసారి సువార్త చెయ్యి దేవుడి చెయ్యే అనుకోండి. నరం ఒక్కసారికే దొరికింది. నాలుగు అనేసరికి గొట్టం నిండింది. ఐదుకు సూది బయటికి వచ్చింది. సువార్త ఏమీ అనలేదు. ఆ మాట అనే హక్కు తనకు లేదనుకుంది. సూదిని డబ్బాలో వేసి, రెండు చేతులూ తెరిచి పిల్లకు చూపించింది. తన్మయి ఆ చేతులు చూసింది, ట్రే చూసింది, తన రెండు మోచేతులూ చూసుకుంది. లేచి నిలబడి, తీర్పు చెప్పే జడ్జీలా చెప్పింది.

"అయిపోయింది."

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అది సంతోషం పట్టలేని ఏడుపు. ఆ సాయంత్రం తన్మయి నీళ్ళు పోయించుకుంది, సిరప్పు మింగింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆ ఇంట్లో పిల్లకు జడ పడింది.

పళ్ళు తీసే రోజు మంగళవారమని ఖాయమైంది. సువార్త మత్తు ఇచ్చే మాస్కు ఒకటి ముందుగానే ఇంటికి పంపింది. తన్మయి మొదట దాన్ని తన మొహానికి పెట్టుకోలేదు, తండ్రి మొహానికి పెట్టింది. పాపం సింహాచలం మూడు రోజులు ఇంటికి రాగానే మాస్కు పెట్టించుకుని, పిల్ల తీసేదాకా అన్నం కోసం ఎదురుచూశాడు. నాలుగో రోజు తన్మయి తనే పెట్టుకుంది. సువార్త వచ్చి జరగబోయేది చెప్పింది.

"మాస్కులోంచి ఘాటు వాసన వస్తుంది. తర్వాత నిద్ర. లేచేసరికి రెండు పళ్ళు ఉండవు. నోరు ఉప్పగా ఉంటుంది. అమ్మ నీ కుడిపక్కన ఉంటుంది."

ఆ చివరి మాట అనేశాక ఆమె నాలుక కరుచుకుంది. మత్తు దిగే గదిలోకి తల్లిదండ్రులను రానివ్వకూడదని ఆసుపత్రిలో రూలు. మునుపటి సువార్త అయితే నవ్వేసి తప్పించుకునేది. ఇప్పటి సువార్త తిన్నగా మత్తు డాక్టరు రాజ్యలక్ష్మి గదికి వెళ్ళింది.

"రూలని ఒకటుంది కదా సిస్టర్" అంది డాక్టరు.

"తెలుసు మేడమ్. ఆ రూలుకు ఇన్నాళ్ళూ నేనే కాపలా. లోపల పిల్లలు అమ్మా అని ఏడుస్తుంటే, తలుపు దగ్గర తల్లులతో హాయిగా నిద్రపోతున్నారని చెప్పేదాన్ని."

"మరి ఇప్పుడేమైంది?"

"ఆ పిల్లకు మాటిచ్చేశాను మేడమ్."

రాజ్యలక్ష్మి కళ్ళద్దాలు తీసి ఆమె వైపు చూసి ఫక్కున నవ్వింది. "నువ్వు నిజం చెప్పడం మొదలుపెడితే మాకందరికీ పని పెరిగేట్టుంది. సరే, గౌనూ టోపీ వేసి కూర్చోబెట్టు. కుడిపక్కనే" అంది.

మంగళవారం అంతా చెప్పినట్టే జరిగింది. మాస్కు ఘాటుగా ఉంది, నిద్ర వచ్చింది. పళ్ళు తీయడం పావుగంటలో ముగిసింది. తన్మయి కళ్ళు తెరిచి, ముందు నాలుకతో వెతుక్కుంది. రెండు పళ్ళు లేవు. చప్పరించింది. ఉప్పగా ఉంది. కుడివైపు తిరిగింది. అక్కడ తల నుంచి కాలిదాకా ఆకుపచ్చ బట్టల్లో ఎవరో కూర్చుని ఉన్నారు. పిల్ల పెదవి వణికింది.

"అమ్మ లేదు" అంది.

సువార్త గబగబా మంచం ఎదురుగా వచ్చి నిలబడింది. "ఉంది తన్మయీ. నేను ఒకటి చెప్పడం మరిచిపోయాను. ఈ గదిలో అమ్మ ఆకుపచ్చ టోపీ పెట్టుకోవాలి. ఆ టోపీ కింద అమ్మే ఉంది. కావాలంటే తీసి చూడు."

తన్మయి మెల్లగా చెయ్యెత్తి టోపీ వెనక్కి తోసింది. జుట్టు తడిమింది. ఆ జుట్టు, ఆ కొబ్బరినూనె వాసన, ఆ కళ్ళు, అన్నీ అమ్మవే. పిల్ల మొహం విప్పారింది. అమ్మ చెయ్యి పట్టుకుని, సువార్త వైపు తిరిగి రెండే రెండు మాటలు అంది.

"సిస్టర్ నిజం."

ఇరవై రెండేళ్ళలో సువార్తకు మంచి సిస్టరు, చల్లని సిస్టరు, బిస్కెట్ల సిస్టరు అని ఎన్నో పేర్లొచ్చాయి. వాటిలో దేనికీ ఆమె అంత పొంగిపోలేదు. గదిలోంచి బయటికి వచ్చి, వరండాలో ఎదురుపడిన యాకూబుకు, ఆయాకు, పళ్ళ డాక్టరుకు, దారినపోయే పేషెంట్లకు కూడా ఆ రెండు మాటలూ చెప్పింది. రెండు రోజులకు తన్మయి మెత్తటి పెరుగన్నం గిన్నెడు తిని, మళ్ళీ గిన్నె చాపింది. సింహాచలం ఆ రోజు ఎవరూ దిగకపోయినా రైసుమిల్లు దగ్గర ఆటో ఆపి హారన్ కొట్టాడట.

ఆ తర్వాత సువార్త వార్డులో చాలా మారింది. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని అడగాలో తెలియక తిరగకుండా ప్రతి మంగళవారం పొద్దున్నే వెనక గేటు దగ్గర ఆమే ఎదురుచూసేది. చీటీలు ముందే రాయించేది, ఏ డాక్టరు ఎప్పుడు దొరుకుతాడో చెప్పేది, పక్క జిల్లా ఆసుపత్రికి పంపవలసి వస్తే అక్కడి నర్సుకు ఆ పిల్ల సంగతులన్నీ ఫోన్లో వివరించేది. అన్నిటికన్నా ముందు కలం తీసుకుని తల్లి ఎదురుగా కూర్చుని "చెప్పమ్మా, నీ బిడ్డ సంగతి నీకన్నా నాకెక్కువ తెలియదు" అనేది. మామూలు పిల్లలకు కూడా సూది చూపించే వేసేది. వాళ్ళు సూది చూసినప్పుడు కాస్త ఏడ్చేవారు. కానీ మర్నాడు ఆమెను చూస్తే మాత్రం మంచం కింద దూరడం మానేశారు. ఒకరిద్దరు వాళ్ళంతట వాళ్ళే చెయ్యి చాపేవారు.

పిల్లల భయం తియ్యటి అబద్ధంతో పోదు. జరగబోయేది ఉన్నదున్నట్టు చెప్పి, చెప్పినట్టు చేసేవారి దగ్గరే ఏ బిడ్డకైనా ధైర్యం పుడుతుంది.